నాన్న ఆగడం నేర్చుకున్న బేస్‌మెంట్

అమ్మ మా ఇంటికి పూర్తిగా వచ్చేసింది. నేపర్‌విల్ అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, ఆ సామానంతా అల్ఫారెట్టాలో మా గరాజ్‌లో దింపించేసరికి నాకు నడుం పడిపోయింది. ఒకరి సంసారాన్ని మొత్తం అట్టపెట్టెల్లోకి ఎక్కించి మళ్ళీ దించడం కంటే విసుగు పని ఇంకొకటి లేదు. రేపు విప్పుదాం, ఎల్లుండి విప్పుదాం అనుకుంటూ వారాలు గడిపాను. చివరికి ఒకరోజు ఆఫీస్ కాల్‌లో ఎవరో ఏదో చెప్పుకుపోతుంటే, చెవిలో ఆ మాటలు అలా ఉండగానే ఒక పెట్టె విప్పాను. ఇడ్లీ రేకులకూ పప్పుగుత్తికీ మధ్య పాత న్యూస్‌పేపర్‌లో చుట్టిన చిన్న స్టీలు గ్లాసు కనిపించింది. అంచు మీద ఇస్సాకు అని నాన్న పేరు చెక్కించి ఉంది. ఆ గ్లాసుతో మా ఇంట్లో ఎవరూ నీళ్ళు తాగేవాళ్ళం కాదు. నాన్న క్లారినెట్ మూతికి బిగించే రీడ్‌ని, అంటే ఆ పల్చటి రెల్లు పలకని, పొద్దున్నే అందులో నానబెట్టేవాడు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది, అయినా గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. న్యూస్‌పేపర్ వాసన తప్ప ఏమీ రాలేదు.

మేం అమెరికా వచ్చింది అమ్మ వెనకాల. అమ్మ నర్సు. గుంటూరు మిషన్ ఆస్పత్రిలో నేర్చుకున్న పని ఆమెను నేపర్‌విల్ దాకా తెచ్చింది, మమ్మల్ని ఆమె తెచ్చింది. నేనప్పుడు హైస్కూల్‌కి రాబోతున్న పిల్లని. అమ్మది ఎప్పుడూ నైట్ డ్యూటీయే, ఎందుకంటే నైట్‌కి గంటకి నాలుగు డాలర్లు ఎక్కువిస్తారు. అందుకని మా ఇంట్లో పగలే నిశ్శబ్దం. బెడ్‌రూమ్ కిటికీకి దుప్పటి మేకులతో కొట్టేసి, తలుపు కింద తువ్వాలు కుక్కి అమ్మ పడుకుంటే, నేనూ నాన్నా దొంగల్లా తిరిగేవాళ్ళం. కుక్కర్ విజిల్ వేస్తే అమ్మ లేస్తుందని నాన్న అన్నం గిన్నెలోనే వండి గంజి వార్చేవాడు. ఆ గంజి వాసన, అమ్మ యూనిఫారం నుంచి వచ్చే ఆస్పత్రి సబ్బు వాసన, క్లారినెట్ జాయింట్లకి రాసే గ్రీజు వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. మధ్యాహ్నం ఇండియన్ గ్రోసరీలో బియ్యం బస్తాలు దించే పనికి పోయేముందు నాన్న సోఫా అంచున కూర్చుని, ఊదకుండా వేళ్ళు మాత్రం ఆడించేవాడు. టిక్ టిక్‌మని మీటల చప్పుడు తప్ప ఇంకేం వినపడేది కాదు. మరీ ప్రాణం ఆగకపోతే పార్కింగ్‌లో మా కార్‌లో అద్దాలెత్తుకుని వాయించుకునేవాడు. చలికాలంలో ఆ అద్దాలన్నీ ఊపిరితో మసకబారి, లోపల మనిషి ఉన్నాడో లేడో తెలిసేది కాదు. పక్కింటావిడ ఒకసారి నన్ను ఆపి, "మీ నాన్నగారు బాగానే ఉన్నారా?" అని చాలా మర్యాదగా అడిగింది.

ఊళ్ళో నాన్న బ్యాండ్‌మేళంలో క్లారినెట్ వాయించేవాడు. రేపల్లె చుట్టుపక్కల ఏ పెళ్ళి ఊరేగింపుకైనా ఎర్ర కోటు, బంగారు రంగు అంచు, నెత్తిన టోపీ పెట్టుకుని ముందు నడిచేది ఆయనే. మా వాళ్ళలో ఎవరైనా చనిపోతే సమాధుల తోటదాకా కీర్తనలు వాయిస్తూ నడిచేదీ ఆయనే. నోటు చూసి వాయించడం రాదు, చెవితో పట్టేవాడు. ఆ కోటంటే అమ్మకి ఒళ్ళుమంట. అమెరికాలో ఆ కోటు మాట ఎత్తడానికే వీల్లేదు. చర్చిలో ఎవరైనా అడిగితే, "వారు మిషన్ స్కూల్లో మ్యూజిక్ మాస్టారు అండీ" అని అమ్మే గబుక్కున చెప్పేసేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు, ఇప్పుడు తలుచుకున్నా నీరసంగానే ఉంటుంది.

స్కూల్లో నేను బ్యాండ్‌లో చేరాను. నాన్న క్లారినెట్ నేర్పించాడు కాబట్టి క్లారినెట్టే. రెండో ఏడు జాజ్ బ్యాండ్‌కి ఆడిషన్ ఇస్తానంటే మాస్టారు, "జాజ్ బ్యాండ్‌లో క్లారినెట్ ఉండదు, శాక్సఫోన్‌కి మారు" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"క్లారినెట్ లేకుండా బ్యాండేంటే?" అన్నాడు. "అట్టాగైతే పాట ఎవరు మోస్తారు?"

"శాక్సఫోన్లు, ట్రంపెట్లు నాన్నా."

"మరి క్లారినెట్ ఏం పాపం చేసింది?"

నాకూ తెలీదు. లైబ్రరీ నుంచి సీడీలు తెచ్చాను. అమ్మ పడుకున్నప్పుడు ఒక హెడ్‌ఫోన్‌లో చెరో చెవి పెట్టుకుని విన్నాం. బాగా పాత రికార్డింగులు పెడితే నాన్న లేచి నిలబడ్డాడు. ట్రంపెట్ పాటని నడిపిస్తుంటే దానికి పైన క్లారినెట్ అల్లుకుంటూ పోతోంది, కింద ట్రాంబోన్ గుర్రుమంటోంది, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, అయినా గొడవ లేదు. "ఇది మన మేళమే," అన్నాడు నాన్న గుసగుసగా. "వీళ్ళు కూడా నడుస్తా వాయించినోళ్ళే, చూడు, కాళ్ళ చప్పుడు వినపడతంది." తర్వాతి కాలం సీడీ పెడితే పెద్ద బ్యాండ్లు, రాసిన నోట్లు, డాన్సు హాళ్ళు. అందులో క్లారినెట్ వాయించేవాడే పెళ్ళికొడుకు. ఆ తర్వాతి సీడీ పెడితే మహా వేగం, పాట ఎక్కడుందో దొరకదు, క్లారినెట్ జాడ లేదు. నాన్న హెడ్‌ఫోన్ తీసేసి బియ్యం బస్తాల పనికి వెళ్ళిపోయాడు.

మా తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళ ఆరాధన అయిపోయాక, ఆదివారం మధ్యాహ్నం హాలు మాకిచ్చేవాళ్ళు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చునేవాళ్ళం. సాక్ష్యాల సమయం వచ్చిందంటే ఇక అంతూ పొంతూ ఉండేది కాదు. వీసా స్టాంపింగ్ అయినవాళ్ళు, అవ్వనివాళ్ళు, జాబ్ దొరికినవాళ్ళు, అందరూ లేచి దేవుణ్ణి స్తుతించాల్సిందే. అలాంటి ఒక సాక్ష్యం మధ్యలో బాత్‌రూమ్‌కని బేస్‌మెంట్‌కి దిగిన నాన్న చాలాసేపు రాలేదు. వెతుక్కుంటూ వెళితే, మాడిన కాఫీ, తడి కార్పెట్ వాసన వేసే గదిలో, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల కొందరు ముసలివాళ్ళు ఆ పాత పద్ధతి జాజ్ ప్రాక్టీస్ చేసుకుంటున్నారు. ట్రంపెట్ పట్టుకున్నాయన వాల్టర్, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిన నల్లాయన. డ్రమ్స్ మీద ఎర్ల్, ఆయన చిన్నప్పటి స్నేహితుడు. వాళ్ళ క్లారినెట్ ఆయన పళ్ళు పోయి మానేశాడట. నేనే చెప్పాను, మా నాన్న వాయిస్తాడని. వాల్టర్ ఒక కుర్చీని కాలితో ముందుకు నెట్టి, "మరి ఇంకా నిలబడ్డారేం?" అన్నాడు.

పై ఆదివారం నాన్న క్లారినెట్ బైబిల్ సంచిలో విడదీసి పెట్టుకొచ్చాడు. సాక్ష్యాలు మొదలవగానే దిగిపోయాం. పాట అందుకోవడానికి ఆయనకి రెండు నిమిషాలు పట్టలేదు. ఆ తర్వాత వచ్చింది తంటా. జాజ్‌లో పాట అంతా కలిసి ఒకసారి వాయించాక, ఒక్కొక్కరు ఒక్కో వంతు తీసుకుంటారు. ఒకరి వంతులో మిగతావాళ్ళు తగ్గుతారు, ఊదేవాళ్ళు పూర్తిగా దించేస్తారు. నాన్న దించలేదు. ట్రాంబోన్ వంతులోనూ వాయించాడు, పియానో వంతులోనూ వాయించాడు. వాల్టర్ ఆగమని అరచెయ్యెత్తాడు. మా వైపు ఊరేగింపులో పెళ్ళిపెద్ద అరచెయ్యెత్తితే కానివ్వండి, ఇంకా గట్టిగా అని అర్థం. నాన్న మెడ నరాలు పొంగేలా అందుకున్నాడు. ఒక్కొక్కరే ఆపేశారు. చివరికి ఎర్ల్ నవ్వు పట్టలేక డ్రమ్ పుల్లలు కింద పడేశాడు. నాన్న ఒక్కడే పాట ఆఖరిదాకా వాయించి, చుట్టూ చూసి, క్లారినెట్ విడదీసి సంచిలో పెట్టేసుకున్నాడు.

ఆ సాయంత్రం అన్నం తినలేదు. "నన్ను ఆపమన్నారమ్మా," అన్నాడు నాతో. మేళంలో క్లారినెట్ ఆగితే ఊరేగింపు ఆగినట్టే. ఊపిరి తీసుకోవాలన్నా పక్కవాడు అందుకున్నాకే తీసుకోవాలి. ఒక్క క్షణం పెదవి తీస్తే చాలు, "ఏం, తిన్నదరగలేదా, ఊదరేం?" అని ఎవడో ఒకడు కేకేస్తాడు. ఆపమనడమంటే ఆయన లెక్కలో ఇక ఇంటికి పొమ్మనడమే. నేను బతిమాలి మళ్ళీ వారం తీసుకెళ్ళి ఇదంతా వాల్టర్‌కి చెప్పాను. ఆయన ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత నాన్నకేసి తిరిగి, ఇస్సాకుని వాళ్ళ పద్ధతిలో ఐజాక్ అని పిలుస్తూ మెల్లగా, నేను తెలుగులో చెప్పడానికి వీలుగా ముక్కలు ముక్కలుగా అన్నాడు: "ఐజాక్, నువ్వు ఆగితే వెళ్ళిపోయినట్టు కాదు. ఎదుటివాడు కూర్చోడానికి చోటిచ్చినట్టు. చోటిస్తేనే వాడు వస్తాడు."

నాన్నకి ఆ ఆగడం రావడానికి ఒక శీతాకాలం పట్టింది. పెదవి తీసేవాడు గానీ వేళ్ళు ఆగేవి కావు. ఆ వంకన ప్రతి వారం వాల్టర్‌కీ ఎర్ల్‌కీ పోట్లాటే. జాజ్ ఎక్కడ చెడింది అన్నది వాళ్ళ వాదన. జనం డాన్సు మానేసి కుర్చీల్లో కూర్చున్న రోజునే చెడిందని వాల్టర్ అనేవాడు. కూర్చుంటేనే కదా చెవిపెట్టి వింటారు, ఆ వేగం, ఆ కొత్త స్వరాలు అప్పుడే కదా పుట్టాయి అని, కుర్రతనంలో అలాంటి చిన్న క్లబ్బుల్లో వాయించిన ఎర్ల్ అనేవాడు. "క్లారినెట్‌ని ఇంట్లోంచి గెంటేసింది మీరే," అని వాల్టర్ అంటే, "గెంటలేదు, అదే అలిసిపోయింది," అని ఎర్ల్ అనేవాడు. నేను తర్జుమా చేస్తుంటే నాన్న వాల్టర్ పక్షం వహించి, "నడిచేదే బ్యాండండీ, వాల్టర్‌గారూ," అని తెలుగులోనే అనేవాడు. ఆశీర్వాద ప్రార్థన మొదలయ్యేసరికి ఇద్దరం పైకొచ్చి, ఎవరి వైపు వాళ్ళం కూర్చునేవాళ్ళం.

ఎన్నాళ్ళు దాగుతుంది? ఒక ఆదివారం పాస్టర్ అయ్యగారు ప్రార్థన చేస్తుండగా నేల మీద హీటర్ జాలీలోంచి క్లారినెట్ వినపడింది. నేనారోజు పైనే ఉన్నాను. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. అమ్మ కళ్ళు తెరవలేదు, మొహం మాత్రం తెల్లబోయింది. ఆ ఊపిరి ఎవరిదో ఆమెకి ఒకరు చెప్పాలా?

"ఇక్కడ కూడా మొదలెట్టారా?" అంది ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే.

"బయట వీధుల్లో కాదే మార్తా. లోపల గదిలో. పిలిచి కుర్చీ ఏశారు," అన్నాడు నాన్న.

"కుర్చీయా? మన పెళ్ళయిన కొత్తలో మా అక్క ఆడపడుచు పెళ్ళి గుర్తుందా మీకు? నన్ను లోపల పంక్తిలో కూచోబెట్టి వడ్డించారు. మీరు ఎర్ర కోటేసుకుని వాకిట్లో నించున్నారు. అందరూ తిని చేతులు కడుక్కున్నాక, దొడ్లో బ్యాండోళ్ళకి పెట్టండ్రా అని ఎవరో కేకేశారు. ఆ ముద్ద నా గొంతు దిగిందేమిటండీ ఆ రోజు? ఈ నైట్లన్నీ ఎందుకు చేస్తన్నాననుకున్నారు? ఆ దొడ్డిదారికి మళ్ళీ మీరు పోగూడదని చేస్తన్నా."

ఆమె కోపంలో ఒక్క అబద్ధం కూడా లేదు, దాన్ని ఎదుర్కోవడం అందుకే కష్టం. నాన్న బేస్‌మెంట్‌కి వెళ్ళడం మానేశాడు. పార్కింగ్‌లో వాయించడమూ మానేశాడు. సోఫా అంచున వేళ్ళాడించడం కూడా మానేసరికి, ఆ ఇంట్లో పగలు ఎంత బరువుగా గడిచేదో నేను చెప్పలేను. స్టీలు గ్లాసు సింక్ పక్కన బోర్లించే ఉండేది. అమ్మ దాన్ని చూసేది, తుడిచేది, మళ్ళీ అలాగే బోర్లించేది. ఆమె గెలిచిందని ఎవరైనా అంటారా అంటే అనలేరు.

అలా కొన్ని నెలలు గడిచాయి. ఒక శనివారం పొద్దున్న ఎవరో తలుపు కొట్టారు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన అమ్మ తీసింది. వాల్టర్ కూతురు డెనీస్. వాల్టర్ ముందు రోజు చనిపోయాడు. నెలలుగా జబ్బుతో ఉన్నాడట, మాకు తెలియనే తెలియదు. తన సమాధి దగ్గర ఎర్ల్ డ్రమ్, ఐజాక్ క్లారినెట్ ఉండాలని చెప్పి పోయాడట. ఆ అమ్మాయి చెప్పడం అయిపోయాక అమ్మ ఆమెను లోపల కూర్చోబెట్టి టీ పెట్టింది. ఎన్నేళ్ళు, ఏం జబ్బు, ఆఖర్న నొప్పి ఉందా అని నర్సు అడగాల్సినవన్నీ అడిగింది. తర్వాత నాన్న వైపు చూడకుండానే, "పోయిన మనిషి కోరిక. చావు కీర్తనకి నేనెప్పుడూ అడ్డం రాలేదు. పోయి వాయించండి. నేనూ వస్తా," అంది.

సమాధుల తోట గేటు దగ్గర నుంచి శవపేటిక వెనకాల నడిచారు. నాన్న వాయించింది నెమ్మది కీర్తన. మా ఊళ్ళో తోటదాకా ఎలా వాయించేవాడో అచ్చం అలాగే, అడుగుకొక స్వరం. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మట్టి వేయడం అయ్యాక ఎర్ల్ డ్రమ్ మీద టపటపా కొట్టాడు, బ్యాండ్ మొత్తం హుషారు పాట అందుకుంది. వాల్టర్ చుట్టాలు రుమాళ్ళు ఊపుతూ అడుగులేశారు. "ఇదేంటే, సమాధి దగ్గర పెళ్ళిపాట?" అంది అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని. పంపించేటప్పుడు ఏడుస్తారు, తిరిగొచ్చేటప్పుడు మిగిలినవాళ్ళు బతకాలి కాబట్టి ఇలా వాయిస్తారమ్మా అని వాల్టర్ ఎప్పుడో చెప్పింది చెప్పాను.

తర్వాత వాళ్ళ చర్చి హాల్లో భోజనాలు. జనం లోపలికి వెళుతున్నారు. నాన్న కోసం చూస్తే ముందు తలుపు దగ్గర లేడు. ఎవరూ ఏమీ అనకుండానే, ఎవరూ చూపించకుండానే, ఆయన హాలు చుట్టూ తిరిగి వంటగది వెనక తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చంకలో క్లారినెట్, తల కొద్దిగా వంచి, పిలిచేదాకా ఉందామని. నేనూ అమ్మా ఒకేసారి చూశాం. మేం అక్కడికి వెళ్ళేలోపే డెనీస్ వెనక తలుపు తీసుకుని వచ్చింది. "ఇక్కడున్నారా? మిమ్మల్నే వెతుకుతున్నాను. వాయించినవాళ్ళు తినకుండా మా ఇంట్లో ఎవరూ ప్లేటు ముట్టుకోరు," అంటూ ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, తమవాళ్ళ టేబుల్ దగ్గర, ఎర్ల్ పక్కన కూర్చోబెట్టింది. మొదటి ప్లేటు నాన్న ముందే పెట్టింది. వరసలో నిలబడ్డ పెద్దా చిన్నా అందరూ ఆ వాయించినవాళ్ళు తినడం మొదలుపెట్టేదాకా ఆగారు. అమ్మ బాత్‌రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో, "రేపు అయ్యగారితో నేను మాట్లాడతా," అంది.

ఆ తర్వాతి ఆదివారం నాన్న మా చర్చిలో, అందరి ముందూ, కీర్తనకి క్లారినెట్ పట్టాడు. అమ్మ లేచి, "వారు మా ఊళ్ళో బ్యాండ్‌మేళంలో వాయించేవారు," అని తనే చెప్పింది. నాన్న మొదటి చరణం వాయించాడు, పెదవి తీశాడు, ఆగాడు. బేస్‌మెంట్‌లో శీతాకాలమంతా నేర్చుకున్నది అదే. చర్చిలో ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. పాపం ఊపిరి ఆడట్లేదేమోనని ఒకాయన నీళ్ళ బాటిల్ పట్టుకుని లేచాడు. నాన్న కదల్లేదు, ఆడవాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. పెళ్ళిళ్ళలో, ప్రార్థన కూటాల్లో, ఎక్కడా నోరు విప్పి పాడని మా అమ్మ, గొంతు సరిగా లేకపోయినా, రెండో చరణం ఎత్తుకుంది. అది అయ్యాక నాన్న వాయించాడు, మళ్ళీ ఆగాడు, మళ్ళీ అమ్మ. అలా ఆ పాట అయ్యేదాకా వాళ్ళిద్దరే. మిగతావాళ్ళం విన్నాం.

ఆ రోజులు ఎంతో కాలం లేవు. ఎర్ల్ కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు, బేస్‌మెంట్ బ్యాండ్ ఆగిపోయింది. మా చర్చి సొంత బిల్డింగ్ కట్టుకుంది. ఇప్పుడక్కడ పెద్ద స్క్రీన్, కీబోర్డ్, చెవులు పగిలే స్పీకర్లు. ఎవరూ ఎక్కడా ఆగరు. నాన్న పోయినప్పుడు వాయించేవాళ్ళు దొరక్క ఫోన్‌లోనే కీర్తన పెట్టారు, మధ్యలో ఎవరిదో కాల్ వచ్చింది. స్కూల్ జాజ్ బ్యాండ్ కోసం చివరికి నేను మారిన శాక్సఫోన్ మేడ మీద అల్మారాలో ఉంది, దాని మీద సూట్‌కేసులున్నాయి. నా ఫోన్ నాకు రోజూ నిద్రపట్టించే జాజ్ వినమని చెబుతుంది. అంతమంది నడిచి, చెమటోడ్చి, పోట్లాడుకుని చేసిన సంగీతం చివరికి నిద్రమాత్ర అయింది. దాని మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు లేదు.

మొన్న శనివారం అమ్మ సోఫాలో బట్టలు మడతపెడుతూ ఆ కీర్తనే పాడుకుంటోంది. రెండో చరణం పాడి, చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని ఆగింది. ఒక చరణం పట్టేంతసేపు ఆగి, నాలుగోది ఎత్తుకుంది. మా అమ్మాయి హోంవర్క్ మీద నుంచి తలెత్తింది.

"అమ్మా, అమ్మమ్మ మధ్యలో ఎందుకు స్టాప్ చేస్తుంది? మర్చిపోయిందా?"

"లేదు," అన్నాను. "అది తాతయ్య వంతు."